మామిడిలో పండు ఈగ బుట్టలు: ఏ ఎర కొనాలి, ఎప్పుడు కట్టాలి, ఎక్కడ డబ్బు దండగ

తీర్పు ముందే చెప్పేస్తాం, కారణాలు తర్వాత. మామిడి తోటకు మిథైల్ యూజినాల్ అనే వాసన పదార్థం ఎరగా పెట్టిన బుట్ట, అంటే ఈగలను పట్టే ఉచ్చు, కొనదగ్గ వస్తువే. కానీ అది మగ ఈగను మాత్రమే పడుతుంది. కాయను కుట్టి గుడ్లు పెట్టేది ఆడ ఈగ. ఈ ముక్క తెలియకుండా కొన్నవాళ్లు బుట్ట నిండా ఈగలు చూసి మురిసిపోతారు, కోతకొచ్చాక కాయ కోస్తే లోపల పురుగులు కనిపించి బుట్టను తిడతారు. బుట్ట దాని పని అది చేసింది. మిగతా పని ఎవరూ చేయలేదు.

ఎర ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఏది కొనాలో, ఏది వదిలేయాలో దానంతటదే తేలుతుంది. అందుకే కాస్త వివరంగా చెబుతున్నాం.

మగ ఈగకు ఇదంటే ఎందుకంత యావ

మిథైల్ యూజినాల్ మొక్కల్లో పుట్టే పదార్థం. కొన్ని రకాల తులసి ఆకుల్లో, చాలా పూలలో ఉంటుంది. లవంగ నూనెలోని యూజినాల్‌ను తీసుకుని చిన్న రసాయన మార్పు చేసినా ఇదే వస్తుంది. అందుకే ఎర పొట్లం విప్పగానే లవంగం వాసన ముక్కుకు తగులుతుంది. బిహార్‌లోని పూసాలో పనిచేసిన హౌలెట్ అనే కీటక శాస్త్రవేత్త 1912లో సిట్రొనెల్లా నూనెకు పండు ఈగలు మూగడం గురించి రాశాడు. ఆ లాగే గుణం మిథైల్ యూజినాల్‌దని 1915 నాటికి తేల్చాడు. ప్రపంచమంతా వాడుతున్న ఈ ఎరకు మొదలు మన దేశంలోనే పడింది.

అసలు విశేషం ఇక్కడుంది. మన మామిడి తోటల్లో తిరిగే బాక్ట్రోసెరా డోర్సాలిస్ రకం మగ ఈగ ఈ పదార్థం దొరికితే వాసన చూసి పోదు, కూర్చుని తింటుంది. తిన్నదాన్ని ఒంట్లో వేరే రెండు పదార్థాలుగా మార్చి, వెనక భాగంలోని గ్రంథిలో దాచుకుని, మునిమాపు వేళ ఆడ ఈగను పిలవడానికి వదులుతుంది. అంటే మొక్క ఇచ్చిన సరుకుతో తన లింగాకర్షక వాసనను తయారు చేసుకుంటుంది. తిన్న మగ ఈగకు తినని దానికన్నా ఆడ ఈగలు ఎక్కువగా చిక్కుతాయి. ఆ లాభం వారాల తరబడి ఉంటుంది. ఇంకో సంగతి, ఒకసారి కడుపు నిండిన ఈగ కొన్నాళ్లు మళ్లీ ఎర వైపు అంతగా రాదు.

ఈ రెండూ కలిపి చూడండి. ఎరతో కలిపిన విషం ఆరిపోయి వాసన మాత్రం మిగిలితే, లేదా బుట్ట కంతలు పెద్దవై ఈగ తిని బయటపడిపోతే, మీరు డబ్బిచ్చి ఈగలను పెళ్లికి సిద్ధం చేస్తున్నట్టే. పైగా ఆ ఈగ రేపు పక్క బుట్టకు కూడా రాదు. మా లెక్కలో ఈ వస్తువుకు అసలు పరీక్ష ఇదే: వచ్చిన ఈగ తిరిగి పోకూడదు. వాసన ఎంత ఘాటుగా ఉంది, డబ్బా మీద ఏ బొమ్మ ఉంది అన్నవి ఆ తర్వాతి మాటలు.

మార్కెట్లో దొరికే రకాలు

ప్లైవుడ్ దిమ్మ మా మొదటి ఓటు. ఇథనాల్ ఆరు పాళ్లు, మిథైల్ యూజినాల్ నాలుగు పాళ్లు, మలాథియాన్ 50 ఇ.సి. అనే పురుగుమందు ఒక పాలు కలిపిన ద్రావణంలో చెక్క ముక్కను 48 గంటలకు తక్కువ కాకుండా నానబెడతారు. ముక్క కొలత సుమారు 5 × 5 సెంటీమీటర్లు, మందం 1.2 సెంటీమీటర్లు. ఇథనాల్ పని మందును చెక్క లోపలి పొరల దాకా తీసుకుపోవడం, ఆ తర్వాత అది ఎగిరిపోతుంది. మిగిలిన మందు పొరల సందుల్లోంచి మెల్లగా బయటకొస్తుంది. పొరలున్న ప్లైవుడ్ ఎందుకు, మామూలు చెక్క ఎందుకు కాదు అంటే ఇదే జవాబు. నానబెట్టే సమయం తగ్గించిన దిమ్మ మొదటి వారం ఘుమఘుమలాడి మూడో వారానికి చప్పబడిపోతుంది. కొనేటప్పుడు ఒక మూల చాకుతో గీరి చూడండి. పై పొర తడిగా, లోపల పొడిగా, తెల్లగా ఉంటే అది సరిగా నానలేదు.

దిమ్మను సొంతంగా తయారు చేసుకోవచ్చు. ఇబ్బంది ఇథనాల్ దొరకడంలో ఉంది, అందుకే ఒక్కరైతు కన్నా రైతు ఉత్పత్తిదారుల సంఘం ఒకేసారి వంద, రెండొందల దిమ్మలు చేయడం నయం. 600 మి.లీ. ఇథనాల్‌కు 400 మి.లీ. మిథైల్ యూజినాల్, 100 మి.లీ. మలాథియాన్ లెక్క. మూత బిగువుగా ఉన్న డబ్బాలో, దిమ్మలు తేలకుండా పైన బరువు పెట్టి నానబెట్టాలి. ఇథనాల్ ఆవిరికి నిప్పు అంటుకుంటుంది, కాబట్టి బీడీ, పొయ్యి, స్విచ్ బోర్డు ఉన్న గదిలో ఈ పని వద్దు. పాత కరపత్రాల్లో మలాథియాన్ బదులు డైక్లోర్‌వాస్ అని ఉంటుంది. 2020 డిసెంబర్ 31 నుంచి మన దేశంలో దాన్ని నిషేధించారు. ఎవరి దగ్గరైనా పాత సీసా మిగిలినా వాడకండి.

దూది, స్పాంజి ముక్క మీద చుక్కలు వేసి ఇచ్చే ఎరలు చవక. ఏప్రిల్ ఎండకు అవి త్వరగా ఆరిపోతాయి. పది, పదిహేను రోజులకోసారి మార్చే ఓపిక ఉంటే సరే, లేకపోతే వద్దు.

నీళ్లలో కలిపే పద్ధతి పాతది, ఇప్పటికీ సిఫార్సుల్లో ఉంది: లీటరు నీటికి 1 మి.లీ. మిథైల్ యూజినాల్, 2 మి.లీ. మలాథియాన్ 50 ఇ.సి. కలిపి, బుట్టకు 100 మి.లీ. చొప్పున పోయడం. మలాథియాన్‌లో ఉండే కలిపే పదార్థం వల్ల మొదట పాలలా కలిసినట్టు కనిపిస్తుంది. నిలవ ఉంటే నూనె విడిపోతుంది, నీరు ఇగిరిపోతుంది, గాలికి ఊగి ఒలికిపోతుంది. వారానికోసారి మార్చాల్సిందే. ఇంటి వెనక రెండు మూడు చెట్లున్నవాళ్లకు సరిపోతుంది. పదెకరాల తోటకు కూలి ఖర్చే ఎక్కువవుతుంది.

కాండానికి పూసే పేస్టులో సుఖముంది, బుట్టే అక్కర్లేదు. కానీ ఎన్ని ఈగలు చచ్చాయో తెలియదు, లెక్క పెట్టడానికి ఏమీ మిగలదు. పిల్లలు, పశువులు తిరిగే తోటలో చేతికందే ఎత్తున విషం పూయడం మాకు నచ్చలేదు.

తులసి గురించి కూడా అడుగుతుంటారు. కేరళలో కొబ్బరి చిప్పలో తులసి ఆకుల ముద్ద పెట్టి, కాస్త విషం కలిపి వేలాడదీసే పద్ధతి ఉంది. పనిచేస్తుంది, ఎందుకంటే అదే పదార్థం. అయితే ముద్ద ఎండితే వాసన పోతుంది, రెండు మూడు రోజులకోసారి మార్చాలి. పెరటికి మంచిదే.

ఒక పక్క మాట. మొక్కల నుంచి పురుగుల వాసన తీయడం ఇప్పుడు ఇంకో మెట్టు ఎక్కింది. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆవాల కుటుంబానికి చెందిన కామెలినా అనే నూనెగింజ మొక్కలో జన్యుమార్పు చేసి, దాని గింజల నూనెలో చిమ్మట పురుగుల లింగాకర్షకానికి ముడిసరుకు పండించారు. ఆ ఫలితాలు 2022లో అచ్చయ్యాయి. క్యాబేజీని తొలిచే డైమండ్ బ్యాక్ మాత్, శనగపచ్చ పురుగు మీద పొలాల్లో పరీక్షించారు. అది పండు ఈగకు పనికొచ్చేది కాదు, దాని సంగతి వేరు. చెప్పడం ఎందుకంటే, “మొక్కల ఫెరోమోన్” (లింగాకర్షక వాసన) అన్న మాట డబ్బా మీద కనిపించగానే అన్ని పురుగులకూ ఒకటే అనుకునే ప్రమాదం ఉంది.

ఆ ప్రమాదం ఎక్కువగా కూరగాయల రైతుకు జరుగుతుంది. కాకర, బీర, దోస, సొరను కుట్టే ఈగ వేరే జాతి. దానికి మిథైల్ యూజినాల్ అక్కర్లేదు, క్యూలూర్ అనే ఎర కావాలి. మామిడి, జామ మీద తిరిగే మూడు ముఖ్య రకాలూ మిథైల్ యూజినాల్‌కు వస్తాయి. “పండు ఈగ ఎర” అని మాత్రమే రాసి పదార్థం పేరు లేని పొట్లం కొనకండి. పేరు, పరిమాణం, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు నాలుగూ ఉండాలి. రెండు ఎరలూ ఒకే బుట్టలో పెడితే కలిసొస్తుందనుకోవడం కూడా పొరపాటు. తీగ పంటల ఈగ తక్కువ పడుతుంది. రెండు పంటలుంటే రెండు బుట్టలు కట్టండి.

బుట్ట ఎలా ఉండాలి

బుట్ట, ఎర కలిపిన సెట్టు ఎక్కువ చోట్ల 100 నుంచి 200 రూపాయల మధ్య దొరుకుతోంది. బుట్ట నాలుగైదేళ్లు వస్తుంది, ఏటా మార్చాల్సింది ఎరే. అందుకని బుట్ట కన్నా ఎర మీద డబ్బు పెట్టండి.

గొడుగులాంటి మూత తప్పనిసరి. వాన నేరుగా దిమ్మ మీద పడితే మందు కడుక్కుపోతుంది. లోపలికి వెళ్లే దారి గరాటు ఆకారంలో, లోపలి వైపు పొడుచుకుని ఉండాలి. ఈగ వెలుతురు వైపు ఎగురుతుంది, కాబట్టి పారదర్శకమైన పైమూతకు కొట్టుకుంటుంది, కింది గరాటు మళ్లీ వెతుక్కోలేదు. పక్కన పెద్ద కిటికీల్లాంటి కంతలున్న బుట్టలు చూడ్డానికి బాగుంటాయి, వాటిలోంచి ఈగలు తాపీగా బయటికొస్తాయి. ఖాళీ నీళ్ల సీసాతో చేసుకునేవాళ్లు పైభాగంలో సెంటీమీటరు వెడల్పు కంతలు నాలుగు పెట్టి, మూతకు తీగ కట్టి దిమ్మను ఆ కంతల ఎత్తుకు వేలాడదీయండి. అడుగున సన్నటి సూది కంతలు రెండు ఉంటే వాన నీరు నిలవదు.

విషం లేని ఎర వాడాలనుకునేవాళ్లు అడుగున రెండు అంగుళాల నీరు, అందులో నాలుగు చుక్కల గిన్నెలు తోమే సబ్బు వేయాలి. సబ్బు లేకపోతే ఈగ నీటి పైపొర మీద నిలబడి మళ్లీ ఎగురుతుంది. ఆ నీరు ఎండకు తగ్గుతుంది, చచ్చిన ఈగలు కుళ్లి వాసన వేస్తాయి. వారానికోసారి పారబోసి కొత్తది పోయడం మరిచిపోతే, పైన చెప్పిన “తినిపించి పంపడం” మొదలవుతుంది.

పసుపు రంగు గురించి అమ్మేవాళ్లు చాలా చెబుతారు. ఇక్కడ లాగేది ప్రధానంగా వాసనే. పసుపు జిగురు అట్టలకు తేనెటీగలు, మేలు చేసే పురుగులు కూడా అంటుకుంటాయి. పూత మీద ఉన్న తోటలో వాటి జోలికి పోకండి.

కట్టడం, మార్చడం, లెక్క పెట్టడం

కోతకు రెండు నెలల ముందే కట్టాలి. బంగినపల్లి తోటలో కాయ రంగు తిరిగాక బుట్టలు తెచ్చేవాళ్లే ఎక్కువ, అప్పటికి ఆడ ఈగలు జతకట్టి గుడ్లతో తిరుగుతుంటాయి. మగ ఈగ పుట్టిన పది రోజులకు గాని పక్వానికి రాదు, ఎర మీద మోజు కూడా అప్పటి నుంచే. దానికి చుట్టుపక్కల పూలలో సహజంగా ఇదే పదార్థం దొరకకముందే మన బుట్ట దాని దారిలో ఉండాలి. ముందుగా కట్టమనడానికి ఇది రెండో కారణం.

హెక్టారుకు 10 అనే అంకె సిఫార్సుల్లో ఎక్కువగా కనిపిస్తుంది, అంటే ఎకరాకు 4. చుట్టూ మందు కొట్టని తోటలుంటే మేం ఎకరాకు 6 నుంచి 8 దాకా పెంచమంటాం, అదీ గట్ల వెంట. ఈ ఎర గాలివాటున వందల మీటర్ల నుంచి మగ ఈగలను లాగుతుంది. తోట నడిమధ్యలో కడితే పక్కవాళ్ల ఈగలను మీ చెట్ల మీదుగా నడిపించి తెచ్చుకున్నట్టు అవుతుంది. గట్టు మీద కడితే అక్కడే ఆగిపోతాయి.

ఎత్తు నాలుగు నుంచి ఆరు అడుగులు, కొమ్మల నీడలో, కానీ ఆకులు బుట్ట నోటికి అడ్డం రాకుండా. ఎండలో వేలాడిన దిమ్మ రావాల్సిన రోజుల్లో సగానికే అయిపోతుంది. వేలాడే తీగకు రెండు అంగుళాల మేర గ్రీజు రాయండి, లేకపోతే చీమలు దిగి చచ్చిన ఈగలను మోసుకుపోతాయి, మీ లెక్క తప్పుతుంది. పొట్లం మీద 60 రోజులు, 90 రోజులు అని ఉన్నా, రాయలసీమ, తెలంగాణ వేసవిలో 45 రోజులకు మార్చడం మంచిది. కొత్త దిమ్మ పెట్టేటప్పుడు పాతదాన్ని చెట్టు కిందే పారేయకండి. విషం పోయి వాసన మిగిలిన దిమ్మ నేల మీద పడి ఉంటే అది ఈగలకు ఉచిత భోజనం.

లెక్కకు సులువు పద్ధతి ఒకటుంది. పడిన మొత్తం ఈగలను బుట్టల సంఖ్యతో, రోజులతో భాగించండి. ఐదు బుట్టల్లో ఏడు రోజులకు 350 పడితే, రోజుకు బుట్టకు 10. ఈ అంకె వారం వారం పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదే చూడాలి. మే నెలలో ఒక వాన పడి గాలిలో తేమ పెరిగాక అంకె ఒక్కసారిగా ఎగబాకితే, మట్టిలోని ప్యూపాల (పురుగు ఈగగా మారే దశ) నుంచి కొత్త తరం వస్తోందని గుర్తు. ఆలస్యంగా కోసే రకాలకు అసలు ముప్పు అప్పుడే.

అంకె తగ్గినంత మాత్రాన కాయ బాగుందని కాదు. వారానికి ఒకసారి పక్వానికి వచ్చిన 50 కాయలు తీసి, సూది గుచ్చినట్టున్న నల్లమచ్చ, చుట్టూ కారిన బంక చూడండి, అనుమానం ఉన్నవి కోయండి. బుట్ట పనితనానికి నిజమైన కొలత అది.

బుట్ట ఒక్కటే ఎందుకు చాలదు

ఒక మగ ఈగ చాలా ఆడ ఈగలతో జతకట్టగలదు. వందలో ఎనభై మగవాటిని చంపినా మిగిలిన ఇరవై పని నడిపించేస్తాయి. దాదాపు అన్నీ పోతే గాని గుడ్లు తగ్గవు. పసిఫిక్‌లోని రోటా అనే చిన్న దీవిలో 1960లలో ఇది సాధించారు. మిథైల్ యూజినాల్, నాలెడ్ అనే విషం పట్టించిన అట్టముక్కలను విమానం నుంచి దీవి అంతా జల్లి, 1965 నాటికి ఈగను పూర్తిగా తుడిచేశారు. అక్కడ చుట్టూ సముద్రం. నూజివీడులోనో కొల్లాపూర్‌లోనో ఐదెకరాల తోట చుట్టూ ఉన్నవి వేరేవాళ్ల తోటలు. ఊరంతా కలిసి ఒకే వారంలో కడితే ఫలితం కనిపిస్తుంది. ఒక్కరే కడితే బుట్ట మీకు ఈగ ఎప్పుడు పెరుగుతోందో చెప్పే గడియారంగా ఉపయోగపడుతుంది. అదీ తక్కువేం కాదు.

ఆడ ఈగకు వేరే ఏర్పాటు చేయాలి. గుడ్లు తయారు కావడానికి దానికి మాంసకృత్తులు, తీపి కావాలి. లీటరు నీటికి 10 గ్రాముల బెల్లం, మామిడికి అనుమతి ఉన్న పురుగుమందు కలిపి చెట్టు కాండం మీద, లోపలి కొమ్మల మీద అక్కడక్కడ చల్లాలి. గతంలో దీనికి 2 మి.లీ. మలాథియాన్ కలిపేవాళ్లు, మామిడి పంట మీద దాని వాడకాన్ని మన దేశంలో 2023లో ఆపేశారు. కాయల మీద పడకూడదు, కోతకు ముందు డబ్బా మీద రాసిన గడువు పాటించాలి. రాలిన కాయలను రోజు విడిచి రోజైనా ఏరండి. ఒక్క కుళ్లిన కాయలో డజన్ల కొద్దీ పురుగులుంటాయి, అవి మట్టిలోకి దిగి పది రోజులకు ఈగలై లేస్తాయి. రెండడుగుల గొయ్యి తీసి పూడ్చండి, లేదా నల్ల ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఎండలో వారం ఉంచండి. ఊరికే గట్టు మీద కుప్ప పోయడం అంటే ఈగలను పెంచడమే. ఈ ఏరుడు పని చేయనివాళ్లకు మేం బుట్టలు కొనమని చెప్పం. ముందు కూలికి ఆ డబ్బు పెట్టండి.

ఎగుమతికి పంపే కాయకు ఇవన్నీ చేసినా కాగితపు కవర్లు తొడగడం తప్పదు. 2014 మేలో యూరోపియన్ యూనియన్ మన మామిడిని నిషేధించింది ఈ ఈగ వల్లే, 2015 జనవరిలో ఎత్తేసింది. ఆ తర్వాతే 48 డిగ్రీల వేడినీటిలో గంటసేపు ముంచి పంపే పద్ధతి గట్టిగా అమల్లోకి వచ్చింది. కవరు ఆడ ఈగకు అడ్డుగోడ, ఎర దానికి సాటి రాదు. స్థానిక మండీకి పంపే తోతాపురికి కవరు ఖర్చు గిట్టకపోవచ్చు, అక్కడ బుట్ట, బెల్లం, ఏరుడు మూడూ కలిపితే చాలు.

చివరగా చేతుల సంగతి. లవంగం వాసన కదా, మొక్కల సరుకు కదా అని దిమ్మను ఒట్టి చేత్తో పట్టుకుంటారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2023లో మిథైల్ యూజినాల్‌ను మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. దానితోపాటు మలాథియాన్ కూడా చెక్కలో ఉంది. రబ్బరు చేతితొడుగులు వేసుకోండి, దిమ్మ కాయకు తగలకుండా కట్టండి. వాడని దిమ్మలను పొట్లం విప్పకుండా, అల్యూమినియం రేకులో చుట్టి, వంట సామాన్లకు దూరంగా చల్లటి చోట పెట్టండి. ఒకసారి పొట్లం విప్పినవి వచ్చే ఏడాదికి దాచొద్దు. వాసన ఉంటుంది, చంపే బలం ఉండదు.